ఇప్పచెట్టు కింద కందమడి

సెక్టర్ ఆరులో గున్నమ్మ వాళ్ళ వరస మొత్తానికి చెట్టంటూ ఉంటే ఒక్కటే, అది వాళ్ళ పెరట్లో ఉంది. పెద్ద ఇప్పచెట్టు. ఉక్కు ఫ్యాక్టరీ టౌన్‌షిప్పు కట్టేటప్పుడు పొలాలన్నీ చదును చేసినవాళ్ళు దీన్నొక్కదాన్నీ ఎందుకు వదిలేశారో ఎవరికీ తెలీదు. ఇద్దరు మనుషులు చేతులు కలిపినా మొదలు అందదు. కొమ్మలు వంటింటి కప్పు దాటి, పిట్టగోడ దాటి, పక్కింటి మరియమ్మ పెరట్లో సగానికి నీడ పరిచేవి.

ఆ నీడలోనే గున్నమ్మకి మరియమ్మతో నేస్తం కుదిరింది. క్వార్టరు చేతికొచ్చిన మొదటి రోజున, పెట్టెలు దించకముందే గోడ మీంచి ఒక చెంబుడు మజ్జిగ వచ్చింది. "తాగు వదినా, సామాను ఎక్కడికీ పారిపోదు," అంది అవతలి గొంతు. ఆనాటినుంచి గోడకి ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరడం, కూర తరగడం, కాకినాడ వంటకీ బొబ్బిలి వంటకీ తగువు పెట్టుకోవడం అలవాటైపోయింది. హిందీ సరిగా రాకుండానే బతకాల్సిన ఊళ్ళో, ఎవరి మొహం చూసినా కొత్తదే అయిన ఊళ్ళో, గోడ అవతల తెలుగులో వెక్కిరించే మనిషి ఉండడమంటే గున్నమ్మకి మాటలా?

చెట్టు వల్ల చిక్కల్లా మొగుడు సూర్యారావుతోనే. అతను రోలింగ్ మిల్లులో క్రేన్ నడుపుతాడు. పుట్టింది రైతింట్లో. షిఫ్టు దిగి సైకిలు మీద ఇంటికొస్తుంటే దారి పొడుగునా అందరి పెరళ్ళలోనూ చిక్కుడు పందిళ్ళూ, వంగమొక్కలూ కనపడతాయి. తన పెరట్లోకి రాగానే ఎండుటాకులూ, నల్లటి నీడా. మొదటి చలికాలంలో ఆనపపాదు పెట్టారు. అది ఎండ కోసం వెతుక్కుంటూ సన్నగా, పాలిపోయి గోడెక్కి మరియమ్మ పెరట్లో కాసింది.

"చూసినావా? మన ఎరువు, మన నీళ్ళు, ఆళ్ళ పులుసు," అన్నాడు సూర్యారావు.

"ఆ పులుసు గిన్నెడు మనకే ఒచ్చింది కద బావా," అంది గున్నమ్మ. మేనత్త కొడుకు కావడంతో పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమెకి అతను బావే.

మాఘమాసంలో ఒకరోజు అతను ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. సెక్టర్ రెండులో ఉండే గోపాలం, అతనూ ఒకే క్రేన్ మీద వేరే షిఫ్టుల్లో పనిచేస్తారు. గోపాలం పెరట్లో చెట్టన్నదే లేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే. అతని భార్య లలితాంబకి ఎండ పడదు. నీడ, నీడ అని ప్రాణం తోడేస్తోందట. ఇద్దరూ ఒప్పుకుంటే క్వార్టర్లు మార్చుకోవచ్చు.

గున్నమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. "మరియమ్మొదిన్ని ఒదిలీసి ఎలగెళ్తాను?"

"ఆదివారం ఆదివారం సైకిలు మీద దింపుతానే."

"ఆదివారం ఆవిడ చర్చికెళ్తాది."

"అయితే సోమారం. దీనికేటి, ఊరొదిలి పోతన్నట్టు!"

మర్నాడు అతను స్నానం చేసి, తల తుడుచుకుంటూ ఉన్న మంచి సమయం చూసి గున్నమ్మ అడిగింది. "దసరా దాకా ఆగు బావా. ఆ చెట్టు కింద మడి కట్టి చూపిస్తాను. దార్న పోయీవోళ్ళు సైకిలు దిగి చూడాల. అలగ లేస్తే మనం ఇక్కడే ఉండిపోవాల."

"ఆ చెట్టు కింద గడ్డే రాదు."

"లేస్తేనో?"

"లేస్తే ఉండిపోదాం. లెగకపోతే మాత్రం నోరెత్తకుండా మూటలు కట్టాల," అని తువ్వాలు విదిలించాడు సూర్యారావు. ఓడిపోయే పందెం కాదన్న ధీమా అతని మొహంలో కనిపిస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడే ఇప్పచెట్టు ఆకు రాల్చడం మొదలుపెట్టింది. వారం పది రోజుల్లో కొమ్మలు బోసిపోయాయి. క్వార్టరుకి వచ్చిన తర్వాత మొదటిసారి పెరట్లో ఎండ పడింది. గున్నమ్మకి పట్టరాని సంతోషం. ఇన్నాళ్ళూ ఈ చెట్టు తనకోసమే గొడుగు మడవడానికి సమయం చూసుకుంటోందనుకుంది. గబగబా నేల గుల్ల చేసి, తోటకూర చల్లి, చిక్కుడు గింజలు గుచ్చి, వంగనారు నాటింది. తేమ ఆరిపోకుండా పైన ఎండుటాకులు దుప్పటిలా కప్పింది. ఆకుల సందుల్లోంచి ఎర్రటి తోటకూర మొలకలు తలెత్తాయి. చిక్కుడు రెండాకులేసింది. సూర్యారావు చూడనట్టే చూసి, "ఊఁ," అన్నాడు. ఆ 'ఊఁ' ని గోడ మీంచి మరియమ్మకి చెప్పి ఇద్దరూ పండగ చేసుకున్నారు.

ఫాల్గుణంలో ఒక తెల్లవారుజామున గున్నమ్మకి పొగ వాసనకి మెలకువ వచ్చింది. సూర్యారావు షిఫ్టులో ఉన్నాడు. తలుపు తీసి చూస్తే పెరట్లో మంట! ఒకావిడ చీర మోకాళ్ళ పైకి దోపుకుని, చేత్తో పచ్చి రెమ్మ పట్టుకుని, చెట్టు చుట్టూ ఎండుటాకులు తగలబెడుతోంది. మంట కంచె దాటకుండా రెమ్మతో కొడుతూ, ఎంతో ఒద్దికగా, తన ఇంటి వాకిలి ఊడ్చుకుంటున్నంత నింపాదిగా కాలుస్తోంది. తోటకూర, చిక్కుడు, వంగనారు అన్నీ ఆ దుప్పటి కిందే ఉన్నాయి.

"ఓలమ్మో! నా మడి! ఏయ్, తుమ్ కౌన్? హమారా చిక్కుడు కాహే కో జలాయా?" అంటూ, ఎందుకు కాల్చావని వచ్చీరాని హిందీలో నిలదీసింది.

ఆవిడ బెదరలేదు సరికదా, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఏ హ మోర్ సాస్ కే మహువా ఆయ్!" అని చెట్టు మొదలు మీద అరచేత్తో చరిచింది. ఇది నా అత్తగారి ఇప్పచెట్టు అని ఆ చరుపుతోనే అర్థమైంది.

గోల విని మరియమ్మ గోడ మీద ప్రత్యక్షమైంది. ఆమెకి ఈ ఊళ్ళో అనుభవం ఎక్కువ, ఇక్కడివాళ్ళ ఛత్తీస్‌గఢీ భాష కూడా కొంత వచ్చు. ఇటు తిట్లు అటూ, అటు తిట్లు ఇటూ చేరవేసే పని తన మీద వేసుకుంది. అయితే మధ్యలో ఆమె వడకట్టేస్తోందని గున్నమ్మకి కాసేపటికి గానీ తెలియలేదు.

"దాని చేతులు విరిగిపోనూ, నా మడి మొత్తం మసి చేసీసింది అని చెప్పు వదినా!"

మరియమ్మ అటు తిరిగి ఏదో మెత్తగా చెప్పింది. ఆవిడ చేతులు తిప్పుతూ చాలాసేపు అరిచింది.

"ఏటంటాది?"

"నీ మొక్కలు బాగున్నాయి అంటోంది."

"అంతసేపు అరిచి, బాగున్నాయి అంటాదా?"

మరియమ్మ ఇంక నవ్వాపుకోలేక అసలు సంగతి చెప్పింది. ఆవిడ పేరు బిసాహిన్. దగ్గర్లోని పల్లె రుఆబాంధాలో ఉంటుంది. ఈ స్థలం వాళ్ళ పొలంగా ఉన్ననాటి నుంచీ ఈ చెట్టు పువ్వు వాళ్ళింటి ఆడవాళ్ళదే. పొలం పోయినా పువ్వు పోలేదు. ఏటేటా పువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకులు కాల్చి, ఊడ్చి, నేల అద్దంలా చేసుకుంటారు. అలా చేస్తేనే రాలిన పువ్వు మట్టి కాకుండా దొరుకుతుంది. పోయినేడు ఈ క్వార్టరు ఖాళీగా ఉంది కాబట్టి ఎవరూ అడగలేదు.

ఇదంతా న్యాయమే కావచ్చు కానీ, కాలిపోయిన చిక్కుడు రెమ్మలు చూస్తుంటే గున్నమ్మకి న్యాయం తలకెక్కలేదు. వీధి వైపు చెయ్యి చూపించింది. ఆ సైగకి వడపోత అక్కర్లేదు. బిసాహిన్ చీపురు చంకన పెట్టుకుని, పువ్వు నువ్వే ఏరుకో, ఏం చేసుకుంటావో చూస్తాను అనేసి వెళ్ళిపోయింది.

ఏం చేసుకోవాలో గున్నమ్మకి నిజంగానే తెలీదు. మర్నాటి నుంచి తెల్లారేసరికి చెట్టు కింద ముత్యాలు గుమ్మరించినట్టు పువ్వు. లేత పసుపు రంగులో, గుండ్రంగా, రసంతో బరువుగా ఉంది. మొదటి రోజు ముద్దుగా ఉంది. రెండో రోజు కాలికింద చితికింది. మూడో రోజు ఎండకి పులిసి, పెరడంతా సారా బట్టీ వాసన గుప్పుమంది. ఎక్కడెక్కడి ఆవులూ కంచె తోసుకుని లోపలికొచ్చి, తినీ తినీ, బయటికి వెళ్ళే దారి మరిచిపోయి గోడకి తలలు ఆన్చి నిలబడ్డాయి.

వీధి వీధంతా వాసన పీల్చింది. సూర్యారావు సైకిలు దిగుతుంటే ఎదురింటాయన అడిగాడు, "క్యా భయ్యా, ధందా షురూ కర్ దియా?" సారా వ్యాపారం మొదలెట్టావా అని ఎగతాళి. మిల్లులో గోపాలం అయితే ఏకంగా, "ఒరే, కార్తికంలోనే తాగుడు మానేశానన్నావు, ఇప్పుడు సొంతంగా సారా కాస్తున్నావట కదరా," అని పదిమందిలో అనేశాడు. సూర్యారావు ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా, "ఆవిడెవరో, ఆవిడ కాళ్ళు పట్టుకునైనా తీసుకురా," అన్నాడు.

గున్నమ్మకి అప్పటికే కోపం దిగిపోయింది. సిగ్గు మాత్రం మిగిలింది. మర్నాడు తెల్లవారగానే మరియమ్మని కేకేసింది. ఇద్దరూ వంగి తాజాగా రాలిన పువ్వంతా ఏరారు. నడుములు విరిగిపోయాయి. రెండు బుట్టలు నెత్తికెత్తుకుని రుఆబాంధా దాకా నడిచి, మట్టి గోడలకి సున్నం పూసుకుంటున్న బిసాహిన్ ముందు దించారు.

బిసాహిన్ బుట్టల్లోకి చూసింది. గున్నమ్మ నడుం పట్టుకుని నిలబడ్డ తీరు చూసింది. ఒక్కసారిగా పగలబడి నవ్వింది.

"నోని, ఓ పిల్లా, నువ్వు పువ్వు ఏరావా, పువ్వు నిన్ను ఏరిందా?" అని ఆవిడ అన్నదాన్ని మరియమ్మ ఈసారి వడకట్టకుండా చెప్పింది.

ఆవిడ వాళ్ళని కూర్చోబెట్టి, పోయినేటి ఎండు పువ్వు పెనం మీద వేయించి, నువ్వులు కలిపి దంచి, ఉండలు చేసి చేతిలో పెట్టింది. గున్నమ్మ అనుమానంగా కొరికి, రెండోది అడిగి మరీ తీసుకుంది. మాటల్లో మాటగా తన పందెం సంగతీ చెప్పింది. మడి లేవకపోతే ఈ వదినని వదిలి పోవాలని మరియమ్మ భుజం మీద చెయ్యేసింది.

బిసాహిన్ తల ఊపింది. పువ్వు రాలినన్నాళ్ళే తనకి నేల కావాలి. ఆ తర్వాత వానలకి తన వరి తనకి ఉంటుంది, చెట్టు కింద ఎవరేం వేసుకున్నా తనకేం? ఫాగున్ నుంచి బైసాఖ్ దాకా, అంటే ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా నాది, మిగతాదంతా నీది అని నేల మీద గీత గీసి చూపించింది.

ఒప్పందం బాగానే ఉంది. మర్నాటినుంచి బిసాహిన్ రావడం, గున్నమ్మ టీ ఇవ్వడం, పెరడు అద్దంలా ఉండడం, వీధిలో వాసన వదలడం అన్నీ జరిగాయి. కానీ పువ్వు అయిపోగానే చెట్టు రాగిరంగు చిగురేసింది. చూస్తుండగానే అది పచ్చబడి, చిక్కబడి, ఎప్పటి నీడ అప్పుడు దిగింది. గున్నమ్మ వంతుకి వచ్చిన నెలలన్నీ చీకటి నెలలే. ఎండ ఉన్న రోజులన్నీ బిసాహిన్‌వి.

"పంపకంలో నిన్ను భలే కూర్చోబెట్టింది," అన్నాడు సూర్యారావు. సెక్టర్ రెండులో లలితాంబ అప్పుడే ఈ కిటికీలకి తెరలు కుట్టిస్తోందని కూడా కబురు తెచ్చాడు.

మే నెల మండిపోతున్న ఒక మధ్యాహ్నం మరియమ్మ వంటింట్లోంచి చావుకేక వినిపించింది. "పాము వదినా, పాము!" గున్నమ్మ చీపురు తిరగేసి పట్టుకుని పరుగెత్తింది. పొయ్యి పక్కన బొగ్గుల డబ్బా వెనకాల, గోడ మూలలో, పొడలు పొడలుగా, పడగ మడిచినట్టు ఏదో నిటారుగా లేచి ఉంది. మరియమ్మ స్టూలెక్కి ప్రభువుని పిలుస్తోంది. గున్నమ్మ చీపురు ఎత్తింది. అది కదల్లేదు. వంగి చూసింది. ఎత్తిన చీపురు అక్కడే పడేసి నేల మీద చతికిలబడి నవ్వింది.

"దిగొదినా దిగు! కందే! నీ తమ్ముడు తెచ్చిన కంద!"

మరియమ్మ తమ్ముడు కొర్నేలి రైల్వేలో గార్డు. విజయనగరం వైపు వెళ్ళినప్పుడల్లా అక్కకి ఏదో ఒకటి తెస్తుంటాడు. చలికాలంలో తెచ్చిన కందలో ఒకటి డబ్బా వెనక్కి దొర్లి, అందరూ మరిచిపోతే, నీళ్ళు లేక, వెలుతురు లేక, బొగ్గు మసిలో తనంతట తాను మొలిచింది.

నవ్వుతూ నవ్వుతూ గున్నమ్మ ఆగిపోయింది. ఆ మొలకనే చూస్తూ కూర్చుంది.

"ఏటొదినా, పూనకమొచ్చిందా?" అంది మరియమ్మ స్టూలు దిగుతూ.

"మా చిన్నాన్నోళ్ళు కంద ఎక్కడ ఏస్తారో తెలుసా? కొబ్బరి చెట్ల కింద. పసుపు? మామిడి తోటలో. ఎండలో ఎవుడూ ఎయ్యడు! వానలకి లేస్తాది, పుష్యానికి ఆకు పడిపోతాది, మాఘానికి తవ్వీస్తారు." గున్నమ్మ వేళ్ళు మడుస్తూ మళ్ళీ మొదటికొచ్చింది. "మాఘానికి తవ్వీసి నేల చదును చేసీస్తే, ఫాల్గుణానికి బిసాహిన్ చీపురట్టుకుని ఒచ్చీయొచ్చు. వదినా! ఆవిడ నెలల్లో ఇవి పడుకుంటాయి. మన నెలల్లో ఆవిడ పువ్వు ఉండదు!"

"మరి ఇన్నాళ్ళూ తోటకూర, తోటకూర అని ఏడ్చావెందుకు?"

"ఇన్నాళ్ళూ పాము కనబడలేదు కద!"

కొర్నేలి ఈసారి డ్యూటీకి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు గోనెసంచి దించాడు. అందులో కంద పిలకలు, పచ్చి పసుపు దుంపలు, కొంచెం అల్లం, అడగకపోయినా చేమ కూడా ఉన్నాయి. "అక్కలూ, నా గార్డు పెట్టెలో ఇది చూసి బాంబులనుకున్నాడొక సాయిబు," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

తొలకరి పడి నేల నానగానే ఇద్దరు వదినలూ గునపం పట్టారు. ఇది గున్నమ్మ అనుకున్నంత తేలిక కాలేదు. ఎక్కడ పొడిచినా వేరే. లావుపాటి వేళ్ళు నేల కిందంతా తాళ్ళలా అల్లుకున్నాయి. వేరు తగలగానే గునపం ఆపి పక్కకి జరగడం, వేళ్ళ మధ్య దొరికిన జాగాలోనే గొయ్యి తియ్యడం అన్న పద్ధతికి వచ్చేసరికి పూటంతా పట్టింది. మడి తిన్నగా రాలేదు. వేళ్ళు ఎటు వంకర తిరిగితే అది కూడా అటే తిరిగింది. బిసాహిన్ పేడ ఎరువు బుట్టతో వచ్చి, ఈ వంకర టింకర గోతులు చూసి, ఇది మడా, ఎలుక కలుగులా అని అడిగి, తనే ఒక్కో గోతిలో గుప్పెడు గుప్పెడు వేసి వెళ్ళింది. పైన ఇప్పాకు కప్పారు. ఈసారి కాల్చేవాళ్ళు లేరు.

ఆషాఢమంతా ఏమీ కనపడలేదు. సూర్యారావు రోజూ షిఫ్టు దిగొచ్చి, "మూటలకి తాళ్ళు కొనీమంటావా?" అని అడిగేవాడు. శ్రావణంలో ఒక పొద్దున్న ఆకుల దుప్పటి చీల్చుకుని ఒక పొడల కాడ లేచింది. దాని పక్కన మరొకటి. ఆపైన లెక్కపెట్టే ఓపిక గున్నమ్మకి లేకపోయింది. కంద కాడలు పైకి లేచి గొడుగులు విప్పాయి. వాటి కింద పసుపాకులు వెడల్పుగా, నున్నగా లేచాయి. అంచున చేమాకుల మీద చినుకులు పాదరసంలా దొర్లాయి. పైన చెట్టు నీడ, కింద ఆకుల నీడ, నేలంతా చల్లటి పచ్చటి చీకటి. పసుపాకు రాసుకుంటూ నడిస్తే చీరంతా ఆ వాసనే.

సూర్యారావు మడి గురించి మాట్లాడడం మానేశాడు. కానీ షిఫ్టు దిగి పెరటి గుమ్మంలో కాళ్ళు కడుక్కోవడానికి ఇదివరకు పట్టిన సమయం చాలడం లేదు. ఒకసారి గున్నమ్మ తలుపు సందులోంచి చూసింది. అతను గొంతుక్కూర్చుని ఒక కంద కాడని బొటనవేలితో మీటి, ఆకు ఊగితే మురిసిపోతున్నాడు. గోడ మీంచి మరియమ్మ కూడా అదే చూస్తోంది. ఇద్దరూ అతనికి తెలియకుండా వెనక్కి తప్పుకున్నారు.

దసరాకి గోపాలం, లలితాంబ ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. లలితాంబ ఎండలో నడిచొచ్చి, మొహం కందగడ్డలా చేసుకుని, పెరట్లో అడుగు పెట్టగానే "అమ్మయ్య!" అంది. తర్వాత మడి చూసింది. కంద గొడుగుల మధ్యకి వెళ్ళి నిలబడి, పసుపాకు తుంచి వాసన చూసి, చెట్టు మొదలుకి ఆనుకుని కూర్చుంది.

"ఏవండీ, ఈ వారమే మారిపోదాం. వదినగారూ, ఈ మడి ఇలాగే మాకు వదిలేస్తారు కదూ?"

ఇదేమిటిది? ఉండిపోవడానికని గున్నమ్మ కట్టిన మడి తననే వెళ్ళగొడుతుందా? గున్నమ్మ మొగుడి మొహంలోకి చూసింది.

సూర్యారావు మొహం ఎర్రబడింది. "ఏటొదిలీడం?" అన్నాడు.

"అదేరా, మడి. క్వార్టరుతో పాటే కదా," అన్నాడు గోపాలం.

"ఏ క్వార్టరు? ఆ పసుపు తవ్వాలంటే మాఘం రావాల. కంద ఊరాల. ఇప్పుడు మనిషి కదిలితే అది ఎవుడు చూస్తాడు? నువ్వా? నీకు గునపం ఏ పక్క పట్టుకోవాలో తెలుసునా?"

"ఒరే, మాటిచ్చావు కదరా!"

"నీకివ్వలేదు, దీనికిచ్చాను," అని గున్నమ్మ వైపు వేలు చూపించాడు. "దసరాకి మడి లేస్తే ఉండిపోతానన్నాను. లేచింది. మరేటి గొడవ?"

గోపాలం పెళ్ళాం వైపు చూశాడు. లలితాంబ మొదలుకి ఆనుకున్న చోటినుంచి లేవలేదు. గున్నమ్మకి జాలేసింది. "వదినగారూ, ఎండ ముదిరినప్పుడల్లా ఇక్కడికొచ్చీండి. చాపేస్తాను. మీ పెరట్లో ఇప్పుడే ఒక వేపమొక్క పెట్టీండి. అది ఎదిగిన్నాడు కంద పిలకలు నేను పట్టుకొస్తాను," అంది. అన్నంత మాత్రాన ఆగక పులిహోర పళ్ళెం తెచ్చి చేతిలో పెట్టింది. గోడ మీంచి మరియమ్మ చెయ్యి కూడా వచ్చింది. అందులో అరిసెల గిన్నె ఉంది. "మా ఇంట్లో దసరా లేదు గానీ, ఇవాళ నాకు పండగే," అంది ఆ చెయ్యి వెనకాల గొంతు. కుట్టించిన తెరల సంగతి తలుచుకుని లలితాంబ ముందు ముక్కు ఎగబీల్చింది, తర్వాత అరిసె కొరికింది, మూడోది అందుకునేసరికి చాప ఎక్కడ వేస్తే గాలి బాగా వస్తుందో తనే చెప్పడం మొదలుపెట్టింది.

అటు సూర్యారావు గోపాలం భుజం పట్టుకుని మడి చుట్టూ తిప్పుతున్నాడు. "ఇదిగో, ఇక్కడ ఒంపు చూడు. తిన్నగా తవ్వితే వేరు తెగుతాదని ఇలగ తిప్పాం. వేరు తెగితే చెట్టు పోతాది. చెట్టు పోతే నీడ పోతాది. నీడ పోతే కందేది? ఎండుంటేనే పంటనుకునీవోళ్ళకి ఇయ్యన్నీ తెల్దు."

గున్నమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ అవతల మరియమ్మ అప్పటికే కూలబడి నవ్వుతోంది.

"ఏమే గున్నా," అని అతను గట్టిగా పిలిచాడు. "మాఘంలో తవ్వీడం మర్చిపోకు. ఫాల్గుణం ఒచ్చీసరికి నేల ఆ బిసాహిన్‌కి ఊడ్చి ఇచ్చీవాల. నేను గుర్తు చెయ్యకపోతే నీకేటీ గుర్తుండదు."

"అలగే బావా," అంది గున్నమ్మ.